ఎడారి నేలకూ గాలికీ మధ్య కార్బన్ డయాక్సైడ్ మార్పిడిని కొలవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

భూమ్మీది నేలలో దాదాపు 40 శాతం శుష్క, అర్ధశుష్క ప్రాంతాల కిందికే వస్తుంది. అక్కడి ప్రతి చదరపు మీటరూ గాలితో మార్చుకునే కార్బన్ డయాక్సైడ్ చాలా కొద్దిది. అయినా విస్తీర్ణం ఇంత పెద్దది కనుక, ఆ కొద్ది కొలతలో జరిగే పొరపాటు మొత్తం లెక్కలో పెద్ద అంకెగా తేలుతుంది. అడవి నేలను కొలిచే పద్ధతినే తెచ్చి ఎడారిలో వాడితే ఏదో ఒక సంఖ్య వస్తుంది గానీ, అది నేల గురించి చెబుతోందో యంత్రం గురించి చెబుతోందో తేల్చుకోలేం. అందుకే ఈ మార్గదర్శి పరికరాల వాడకం కన్నా ఒక ప్రశ్నకే ఎక్కువ చోటిస్తుంది. కొలతకు ముందు ప్లస్ గుర్తు ఉండాలా మైనస్ గుర్తు ఉండాలా అన్నది నమ్మకంగా ఎప్పుడు చెప్పగలం? నేల నుంచి గాలిలోకి పోయేదానికి ప్లస్, గాలి నుంచి నేలలోకి వచ్చేదానికి మైనస్ అన్న ఒప్పందాన్నే చివరి దాకా పాటిద్దాం.

మొదటి దశ: ఏం కొలవబోతున్నారో ముందే రాసుకోండి

ఎడారి నేలలో మూడు రకాల పనులు ఒకేసారి జరుగుతుంటాయి. మొదటిది జీవక్రియ. వేర్లూ సూక్ష్మజీవులూ శ్వాసించి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. సయనోబాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి నేల మీద అల్లుకున్న పలుచని జీవపొర తడిసినప్పుడు వెలుతురులో దాన్ని తీసుకుంటుంది. రెండోది రసాయన క్రియ. నేలలో కాల్షియం కార్బనేట్ ఉన్నచోట అది నీటితోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసి కాల్షియం, బైకార్బనేట్ అయాన్లుగా కరుగుతుంది. నీరు ఆరిపోతే అదే క్రియ వెనక్కి నడిచి, కార్బనేట్ పేరుకుంటూ వాయువు బయటికి వస్తుంది. మూడోది కేవలం భౌతికం. చల్లబడిన నేలలోని గాలి కుంచించుకుని పైగాలిని లోపలికి లాగుతుంది, వేడెక్కితే బయటికి నెడుతుంది. గాలి పీడనంలో వచ్చే మార్పులూ, ఈదురుగాలీ కూడా ఇదే పని చేస్తాయి.

ఛాంబర్ అంటే నేల మీద బోర్లించి, లోపలి గాలిలో వాయువు గాఢత మారే వేగాన్ని చూసే మూత పెట్టె. అది కొలిచేది ఈ మూడింటి మొత్తాన్ని. దానికి నేల శ్వాసక్రియ అని పేరు పెట్టేస్తే మిగతా రెండింటినీ మొదట్లోనే పక్కకు నెట్టినట్టవుతుంది. నికర మార్పిడి అని రాయడమే సరైన పద్ధతి.

రెండో దశ: చోటు ఎంపిక

ఎడారి నేల ఒకే తీరుగా ఉండదు. పొద కింద ఆకుచెత్త, వేర్లు, నీడ, కాస్త ఎక్కువ తేమ ఉంటాయి. రెండు అడుగుల అవతల బట్టబయలు నేల ఉంటుంది. పొద కింద కొలతలు బయలు నేల కొలతలకు కొన్ని రెట్లు ఉండటం మామూలే. కాబట్టి ముందుగా స్థలాన్ని పొదల కింది నేల, జీవపొర ఉన్న బయలు, జీవపొర లేని బయలు, గులకరాళ్లు పరుచుకున్న నేల అని విడగొట్టి, ఒక్కొక్కటీ మొత్తం విస్తీర్ణంలో ఎంత శాతమో కొలిచి రాసుకోవాలి. చివర్లో సగటు తీసేటప్పుడు ఈ శాతాలే తూకం అవుతాయి. ఒక్కో రకానికి కనీసం అయిదారు చోట్లయినా లేకపోతే రకానికీ రకానికీ ఉన్న తేడాను ఒకే రకంలో కనిపించే హెచ్చుతగ్గుల నుంచి వేరు చేయలేరు.

ప్రతి చోటా నేల పీహెచ్, కార్బనేట్ శాతం, సేంద్రియ కార్బన్, సాంద్రత, ఇసుక–బంకమన్ను నిష్పత్తి కొలవండి. వీటిలో కార్బనేట్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలవద్దు. పీహెచ్ 8 దాటిన కార్బనేట్ నేలలో రాత్రిపూట వచ్చే మైనస్ కొలతకు రసాయన కారణం ఉండే వీలుంది. కార్బనేట్ లేని ఇసుకలో అదే కొలత వస్తే అనుమానించాల్సింది యంత్రాన్ని.

మూడో దశ: కాలర్లు దించడం

ఛాంబర్ కూర్చోవడానికి నేలలోకి దించే పీవీసీ పైపు ముక్కనే కాలర్ అంటారు. 20 సెంటీమీటర్ల వ్యాసం అనుకూలంగా ఉంటుంది. పొడి ఇసుకలో వాయువు పక్కలకు సులభంగా జారిపోతుంది కాబట్టి రెండు మూడు సెంటీమీటర్ల లోతు చాలదు. అయిదు సెంటీమీటర్ల దాకా దించడం మంచిది. జీవపొర ఉన్నచోట నేలను ముందు కాస్త తడిపి, పదునైన అంచుతో నెమ్మదిగా దించాలి. పొడిగా ఉన్నప్పుడు నొక్కితే పొర పెళుసుగా విరిగిపోతుంది, విరిగిన పొర మళ్లీ అతుక్కోవడానికి ఏళ్లు పడుతుంది. దించిన తరువాత కొన్ని వారాలు కదపకుండా వదిలేయండి. అదే కారణంగా నడిచే దారిని ముందే గుర్తుపెట్టి, అందరూ దాని మీదే నడవాలి.

ఇసుక ఎగిరే చోట కాలర్ లోపలి ఎత్తు రోజురోజుకూ మారుతుంది. కొలిచే ప్రతిసారీ నాలుగు వైపులా లోపలి ఎత్తు కొలిచి సగటు రాసుకోండి. ఘనపరిమాణం లెక్కలోకి వచ్చేది ఈ ఎత్తే.

నాలుగో దశ: యంత్రపు సున్నాను కనుక్కోవడం

ఈ పనిలో తొందర పనికిరానిది ఈ దశే. పొడి ఎడారి నేల ఫ్లక్స్, అంటే నేలకూ గాలికీ మధ్య వాయువు కదిలే వేగం, చాలాసార్లు చదరపు మీటరుకు సెకనుకు 0.1 నుంచి 0.5 మైక్రోమోల్ (మోల్‌లో పది లక్షలో వంతు) మధ్యే ఉంటుంది. అది ఛాంబర్‌లో ఎంత మార్పుగా కనిపిస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఛాంబర్, కాలర్, గొట్టాలు కలిపి లోపలి ఘనపరిమాణం 5 లీటర్లు, కాలర్ వైశాల్యం 0.0314 చదరపు మీటర్లు, గాలి పీడనం 95 కిలోపాస్కల్, ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించి, వాయు స్థిరాంకం 8.314తోనూ కెల్విన్ ఉష్ణోగ్రత 303తోనూ భాగిస్తే లోపలి గాలి 0.189 మోల్ అని వస్తుంది. దాన్ని వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు సుమారు 6 మోల్. అంటే గాఢత సెకనుకు 0.05 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) చొప్పున పెరిగితే ఫ్లక్స్ 0.3 మైక్రోమోల్. రెండు నిమిషాలు మూసి ఉంచితే కనిపించే పెరుగుదల 6 పీపీఎం మాత్రమే. రాత్రిపూట మైనస్ 0.06 మైక్రోమోల్ ఫ్లక్స్ ఉంటే అదే రెండు నిమిషాల్లో తగ్గేది 1.2 పీపీఎం. పొలంలోకి తీసుకువెళ్లే పరారుణ గ్యాస్ అనలైజర్ రీడింగు ఉన్నచోటే అటూఇటూ ఊగే మేర కూడా దాదాపు అంతే ఉండవచ్చు.

అందుకే నేల మీద పెట్టే ముందు ఛాంబర్‌ను మందపాటి గాజు పలక మీద గానీ లోహపు పలక మీద గానీ, గాలి చొరబడకుండా కూర్చోబెట్టి, నేల మీద కొలిచినట్టే అంతే సేపు కొలవండి. అక్కడ రావాల్సిన ఫ్లక్స్ సున్నా. దీన్ని ఇరవై ముప్ఫై సార్లు చేయండి. ఎండలోనూ, నీడలోనూ, అర్ధరాత్రీ చేయండి. వచ్చిన విలువల సగటు మీ యంత్రపు పక్షపాతం, వాటి ప్రామాణిక విచలనానికి మూడు రెట్లు మీ గుర్తింపు హద్దు. ఈ హద్దుకు లోపల ఉన్న ఏ ఒక్క కొలత మీదా ప్లస్ అనో మైనస్ అనో వాదన నిలబెట్టకూడదు. అలాగని ఆ కొలతలను తీసిపారేయకూడదు. సున్నాకు దగ్గరి కొలతలు తీసేస్తే మిగిలిన సగటు ఒకవైపు ఒరుగుతుంది. కొలతనూ హద్దునూ పక్కపక్కనే రాయండి.

పలక మీది విలువ పగలు ఒకలాగా రాత్రి ఒకలాగా వస్తే యంత్రం ఉష్ణోగ్రతకు స్పందిస్తోందని అర్థం. దానికి నీడ కల్పించి, గాఢత ముందే తెలిసిన కాలిబ్రేషన్ గ్యాస్‌తో సున్నానూ, గాలి గాఢతకు దగ్గరగా ఉండే రెండో విలువనూ రోజుకొకసారి సరిచూసుకోవాలి. నా దృష్టిలో ఈ పరీక్ష వివరాలు లేని ఎడారి కొలతల పట్టికకు, ముఖ్యంగా అందులోని మైనస్ అంకెలకు, విలువ చాలా తక్కువ.

అయిదో దశ: ఒక్కో కొలత

ఛాంబర్ మూసిన మొదటి 20–30 సెకన్ల రీడింగులను లెక్కలోకి తీసుకోవద్దు. మూసేటప్పుడు కలిగే పీడనపు ఒత్తిడి సద్దుమణగాలి. ఫ్లక్స్ తక్కువ కాబట్టి మూసి ఉంచే సమయాన్ని మూడు నుంచి అయిదు నిమిషాలకు పెంచండి. పగటిపూట లోపల వేడి పెరుగుతుంది గనుక అంతకు మించి పోవద్దు. ఛాంబర్‌కు పీడనాన్ని సమం చేసే రంధ్రం తప్పనిసరి. ఇసుకలో గాలి సులువుగా కదులుతుంది, కాబట్టి ఛాంబర్ లోపల పీడనం కొంచెం తగ్గినా నేలలోని గాలి పైకి లాక్కురాబడుతుంది. రంధ్రం మీదుగా గాలి వీచినప్పుడు జరిగేది ఇదే. గాలి వేగం ప్రభావం పడని ఆకారంలో చేసిన రంధ్రాన్నే వాడండి.

నీటి ఆవిరిని కూడా కొలిచి, పొడి గాలి లెక్కలోకి మార్చిన గాఢతనే వాడాలి. తడి నేల మీద మూసి ఉంచినప్పుడు ఆవిరి ఒక్క శాతం పెరిగితే, నేల ఏమీ చేయకపోయినా కార్బన్ డయాక్సైడ్ రీడింగు సుమారు 4 పీపీఎం పడిపోతుంది. పైన లెక్కగట్టిన 6 పీపీఎంతో దీన్ని పోల్చి చూడండి.

జీవపొర ఉన్నచోట పారదర్శక ఛాంబర్‌తో ఒకసారి, దాన్నే నల్లగుడ్డతో కప్పి మరోసారి కొలవండి. రెండింటి తేడా కిరణజన్య సంయోగక్రియ వాటా. పొడిగా ఉన్న పొర దాదాపు నిద్రావస్థలో ఉంటుంది కనుక ఎండిన రోజుల్లో తేడా కనిపించకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఆరో దశ: పగలూ రాత్రీ ఆగకుండా కొలవడం

ఉదయం పది గంటలకు తీసిన ఒక కొలత రోజంతటికీ ప్రతినిధిగా నిలవడం ఎడారిలో కుదరదు. వేసవి మధ్యాహ్నం నేల పైపొర 60 డిగ్రీలు దాటవచ్చు, తెల్లవారుజామున చలివేయవచ్చు. కనీసం రెండు గంటలకొకసారి, రోజు పూర్తయ్యేదాకా, ప్రతి రుతువులోనూ కొన్ని రోజుల పాటు కొలవాలి. ప్రతిసారీ ఉపరితలం, 2, 5, 10 సెంటీమీటర్ల లోతుల్లో ఉష్ణోగ్రత, తేమ రాసుకోండి.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ ఇన్ని రెట్లవుతుందన్న సూత్రాన్ని ఇక్కడ గుడ్డిగా వాడవద్దు. పొడి నేలలో వేడి పెరిగినా నీరు లేక సూక్ష్మజీవులు స్పందించవు. పైగా ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉదయం ఒక ఫ్లక్స్, సాయంత్రం మరో ఫ్లక్స్ రావడం సాధారణం. నేల చల్లబడుతున్నప్పుడు అందులోని పలుచని నీటిపొర ఎక్కువ వాయువును కరిగించుకుంటుంది, వేడెక్కుతున్నప్పుడు వదిలేస్తుంది. చల్లని సోడాలో గ్యాస్ నిలిచి, వెచ్చబడితే పొంగిపోయినట్టే ఇది కూడా. నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగే శక్తి 25 డిగ్రీల దగ్గర కన్నా 0 డిగ్రీల దగ్గర రెండు రెట్లకు పైగా ఉంటుంది.

రాత్రి కొలతల్లో ఒక జాగ్రత్త అవసరం. గాలి కదలని రాత్రుల్లో నేలను ఆనుకుని కార్బన్ డయాక్సైడ్ పొరలుపొరలుగా నిలుస్తుంది. ఛాంబర్ దించినప్పుడు ఆ పొరలు చెదిరి, మొదటి నిమిషంలో గాఢత పడిపోతున్నట్టు కనిపిస్తుంది. అది నేల పీల్చుకోవడం కాదు. రీడింగు కుదుటపడ్డాక కూడా అదే వాలు కొనసాగుతోందా, పక్కనే పలక మీద కూడా అదే వాలు వస్తోందా అన్నది చూసిన తరువాతే మైనస్ గుర్తు వేయండి. ఈ పరీక్షలకు నిలిచే రాత్రి శోషణ నిజంగానే ఉంది. అంటార్కిటికాలోని మెక్‌మర్డో పొడి లోయల్లో, చైనాలోని గుర్బన్‌తుంగుత్ ఎడారి క్షార నేలల్లో నేల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడం నమోదైంది.

ఏడో దశ: వాన కోసం సిద్ధంగా ఉండటం

ఏడాది కార్బన్ లెక్కలో పెద్ద వాటా వాన పడిన కొద్ది గంటల్లో, కొద్ది రోజుల్లో తేలుతుంది. ఎండిన నేల తడిసినప్పుడు ఒక్కసారిగా ఎగసే ఈ విడుదలను హెచ్. ఎఫ్. బర్చ్ 1958లో వివరించారు. అందుకే దాన్ని బర్చ్ ప్రభావం అంటారు. ఎండిపోయి చచ్చిన సూక్ష్మజీవుల పదార్థమూ, కణాల్లో దాచుకున్న ద్రావ్యాలూ, మట్టి గడ్డలు విడిపోయి బయటపడిన సేంద్రియ పదార్థమూ, బతికి ఉన్న సూక్ష్మజీవులకు ఒక్కసారిగా అందుతాయి.

నిజమైన వాన మీరున్న రోజునే పడదు కాబట్టి కృత్రిమంగా తడపండి. 1 మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు. 20 సెంటీమీటర్ల కాలర్‌లో 5 మిల్లీమీటర్ల వానకు 157 మిల్లీలీటర్లు పోయాలి. అయాన్లు తీసేసిన నీటినే వాడండి. బోరు నీటిలో బైకార్బనేట్ ఉంటుంది, నేల మీద ఆరుతూ అది తన వాయువును తానే వదులుతుంది. పిచికారీతో నెమ్మదిగా, ఒక కాలర్‌కు 2, మరొకదానికి 5, ఇంకొకదానికి 10 మిల్లీమీటర్ల చొప్పున తడపండి. కాలర్ బయట చుట్టూ ఒక జానెడు మేర కూడా తడపాలి, లేకపోతే వాయువు పక్కనున్న పొడి ఇసుకలోకి జారిపోతుంది.

తడపక ముందు ఒకసారి, తడిపిన వెంటనే, తరువాత 15 నిమిషాలకు, 1, 3, 6, 12, 24 గంటలకు, ఆ పైన ఫ్లక్స్ పాత స్థాయికి చేరేదాకా రోజుకు రెండుసార్లు కొలవండి. మొదటి కొన్ని నిమిషాల్లో కనిపించే ఉబ్బులో కొంత భాగం, నీరు దిగుతూ నేల రంధ్రాల్లోని పాత గాలిని బయటికి నెట్టినందువల్ల వచ్చింది. దాన్ని జీవక్రియగా లెక్కించవద్దు. జీవపొర ఉన్న కాలర్లలో చిన్న వాన విషయం ప్రత్యేకంగా చూడదగింది. తడిసిన పొర ముందు శ్వాసిస్తుంది, కిరణజన్య సంయోగక్రియ పుంజుకోవడానికి కొంత సమయం కావాలి. 2 మిల్లీమీటర్ల తడి ఈలోపే ఆరిపోతే పొర కార్బన్‌ను పోగొట్టుకునే మిగులుతుంది. అలాంటి చిన్న వానలు పదేపదే పడితే నాచు చచ్చిపోతుంది కూడా. మొత్తం వర్షపాతం ఎంతన్నదాని కన్నా అది ఎన్ని విడతలుగా, ఒక్కో విడతా ఎంతసేపు తడిగా ఉంచిందన్నది ఇక్కడ ఎక్కువ నిర్ణయిస్తుంది.

ఎనిమిదో దశ: నేల లోపలి సెన్సర్లు

2, 10, 20 సెంటీమీటర్ల లోతుల్లో కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లు పాతిపెడితే మనుషులు లేనప్పుడు కూడా వివరాలు అందుతాయి. గాఢత వాలును (లోతుతో గాఢత మారే తీరును) నేలలోని వ్యాపన గుణకంతో, అంటే వాయువు ఎంత సులువుగా వ్యాపిస్తుందో చెప్పే అంకెతో, గుణిస్తే ఫ్లక్స్ వస్తుంది. మొత్తం రంధ్రాల వాటా 0.40 ఉన్న నేలలో తేమ 0.04 ఉంటే, మిల్లింగ్టన్–క్విర్క్ సూత్రం ప్రకారం వ్యాపనం స్వేచ్ఛాగాలిలో ఉండేదానిలో 0.21 వంతు, తేమ 0.20కి పెరిగితే 0.03 వంతుకు పడిపోతుంది. తేమ సెన్సర్ తప్పు చెబితే ఫ్లక్స్ ఎన్ని రెట్లు తప్పవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. అదే పొడి నేలలో 0.3 మైక్రోమోల్ ఫ్లక్స్‌కు 10 సెంటీమీటర్ల లోతులో సుమారు 250 పీపీఎం తేడా కనబడాలి, 0.05కు 40 పీపీఎం మాత్రమే. కాబట్టి ఈ పద్ధతి వాన తరువాతి ఉధృతిని బాగా పట్టుకుంటుంది, రాత్రి శోషణను పట్టుకోలేదు. ఛాంబర్‌తో పాటు వాడండి, ఛాంబర్‌కు బదులుగా వద్దు.

తొమ్మిదో దశ: టవర్ కొలతలను చదవడం

గాలి సుడులతో పైకీ కిందికీ కదిలే వాయువును కొలిచే ఎడ్డీ కోవేరియన్స్ టవర్ హెక్టార్ల మేర సగటు ఇస్తుంది. కానీ ఎడారి మధ్యాహ్నం నేల నుంచి గాలికి పోయే వేడి చదరపు మీటరుకు 300 వాట్లు ఉండటం మామూలే. వేడిగాలి పలుచన కావడం వల్ల వచ్చే తేడాను సరిచేయడానికి వెబ్, పియర్‌మన్, ల్యూనింగ్ 1980లో ఇచ్చిన సవరణను ఈ పరిస్థితికి లెక్కవేస్తే 13–14 మైక్రోమోల్ వస్తుంది. అసలు ఫ్లక్స్ 0.3 అనుకుంటే, వేడి కొలతలో 5 శాతం పొరపాటు 0.7 మైక్రోమోల్ పొరపాటవుతుంది. నేల కార్బన్‌ను వదులుతున్నా టవర్ శోషణ చూపించడానికి ఇది చాలు. గాలికి తెరిచి ఉండే అనలైజర్ తన సొంత వేడితో ఇంకొంత దొంగ శోషణను జోడిస్తుంది. వీలుంటే మూసిన గొట్టంలో గాలిని లాక్కుని కొలిచే రకాన్ని ఎంచుకోండి. లేకపోతే రెండు రకాలనూ ఒక నెలైనా పక్కపక్కన నడిపి తేడా చూపించండి.

పదో దశ: మూలాన్ని విడదీయడం

కార్బన్–13 ఐసోటోప్ నిష్పత్తి ఇక్కడ తోడ్పడుతుంది. చాలా మొక్కల సేంద్రియ కార్బన్ విలువ మైనస్ 27 పర్ మిల్ (ప్రామాణిక నమూనాతో పోల్చినప్పుడు వెయ్యికి ఉన్న తేడా) దగ్గర, గడ్డిజాతుల్లో చాలావాటిది మైనస్ 13 దగ్గర, సముద్రపు సున్నపురాయిది సున్నా దగ్గర ఉంటుంది. బయటికి వచ్చే వాయువు విలువ వీటి మధ్య ఎక్కడ పడుతుందో చూసి వాటాలు అంచనా వేయవచ్చు. గడ్డీ పొదలూ కలిసి పెరిగే చోట మాత్రం గడ్డి కార్బన్, కార్బనేట్ కార్బన్ కలగాపులగమై పోతాయి. అక్కడ ఈ లెక్కను ఒంటరిగా నమ్మకూడదు. అదే నేలను 121 డిగ్రీల ఆవిరిలో క్రిమిరహితం చేసి, రాత్రి–పగలు ఉష్ణోగ్రతల్లో ఉంచి కొలిస్తే జీవం లేని భాగం విడిగా కనిపిస్తుంది. ఆవిరి నేల రసాయన గుణాన్ని కొంత మారుస్తుంది కనుక ఆ ఫలితాన్ని దిశ చూపించేదిగానే తీసుకోండి, పరిమాణంగా కాదు.

పదకొండో దశ: ఏడాది లెక్క

పొడి రోజులు, వాన తరువాతి రోజులు, చల్లని రాత్రులు అని కాలాన్ని విడగొట్టి, ఒక్కోదాని సగటును అవి ఉన్న గంటలతో గుణించి, స్థలపు శాతాలతో తూకం వేయండి. తరువాత ఆ అంకెను పరీక్షకు పెట్టండి. నెవాడాలోని మొహావీ ఎడారిలో జరిగిన ఒక టవర్ అధ్యయనం 2008లో చదరపు మీటరుకు ఏడాదికి దాదాపు 100 గ్రాముల కార్బన్ నికర శోషణను ప్రకటించింది. దాన్ని సెకన్లలోకి మారిస్తే ఏడాది పొడవునా సగటున మైనస్ 0.26 మైక్రోమోల్ అవుతుంది. ఆ కార్బన్ అంతా ఎక్కడో పేరుకోవాలి కదా? పరిశోధకులు విలియం ష్లెసింజర్, జేన్ బెల్నాప్, గైల్స్ మారియన్ 2009లో అడిగింది ఇదే. అంత కార్బన్ మొక్కల్లో గానీ, నేలలో గానీ, కార్బనేట్‌గా గానీ పెరుగుతున్నట్టు కనిపించాలని వారు గుర్తుచేశారు. అంతా కాల్షియం కార్బనేట్‌గా మారితే చదరపు మీటరుకు ఏడాదికి 830 గ్రాముల సున్నం చేరాలి, ఎడారి నేలల్లో సున్నం పేరుకునే వేగం దీనికి దరిదాపుల్లో కూడా ఉండదు.

అందువల్ల మీ నివేదికలో రెండు వరుసలు విడివిడిగా ఉండాలి. మొదటిది మార్పిడి, అంటే గాలికీ నేలకూ మధ్య ఏ గంటలో ఎంత కదిలింది. రెండోది నిల్వ, అంటే ఏడాది చివర నేలలో, నేలనీటిలో, మొక్కల్లో ఎంత మిగిలింది. రాత్రి కరిగి పగలు తిరిగి వచ్చేది మొదటి వరుసకే చెందుతుంది. కరిగిన బైకార్బనేట్ వేర్ల లోతు దాటి భూగర్భ జలం దాకా దిగినప్పుడే, లేదా సిలికేట్ ఖనిజాల నుంచి వచ్చిన కాల్షియంతో కొత్త కార్బనేట్ ఏర్పడినప్పుడే రెండో వరుసలో ఏదైనా రాయవచ్చు. పాత సున్నం కరిగి మళ్లీ అదే సున్నంగా పేరుకుంటే నికరంగా చేరేది ఏమీ లేదు. ఆ రెండో వరుసను ఛాంబర్ నింపలేదు. దానికి లోతు నుంచి తీసిన నేలనీటి నమూనాలు, కొన్నేళ్ల ఎడంతో తీసిన నేల కోర్లు (గొట్టంతో నిలువుగా తీసిన మట్టి నమూనాలు) కావాలి, కాబట్టి మొదటి ఏడాదిలోనే ఒక మీటరు లోతు దాకా కోర్లు తీసి, చోటు గుర్తించి, పొడిగా భద్రపరచండి.